నాకు కావలసింది ఒట్టి బీ12 మాత్ర, అంతే

బీ12 మాత్ర మొదలుపెట్టి నాలుగేళ్ళు దాటింది. పని చేస్తుందా అంటే చేస్తుంది. నా గొడవ మందుతో కాదు, దాని వెంట పిలవకుండా వచ్చే చుట్టాలతో. మెడికల్ షాపుకు వెళ్ళి బీ12 ఇవ్వమంటే అదొక్కటే చేతిలో పెట్టినవాళ్ళను హనుమకొండ, వరంగల్, కాజీపేట మూడూ కలిపినా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. స్ట్రిప్ వెనక్కి తిప్పితే ఆల్ఫా లిపోయిక్ యాసిడ్, ఫోలిక్ యాసిడ్, బీ6, బయోటిన్, క్రోమియం, ఇంకా చదవడానికి భూతద్దం కావలసినవి నాలుగైదు. ధర కూడా దానికి తగ్గట్టే.

విటమిన్లు ఎన్ని, ఏది లోపిస్తే ఏ జబ్బు అనే పట్టిక హైస్కూల్లో పిల్లలకు నేనే చెప్తాను కాబట్టి అది ఇక్కడ వదిలేస్తున్నా. కానీ నా ఒంటి సంగతి ముందు చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు. షుగర్ వచ్చి పదేళ్ళ పైనే. రెండు పూటలా మెట్‌ఫార్మిన్. మాంసం, గుడ్డు మానేసి అంతకంటే ఎక్కువ కాలమే అయింది. పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర. బీ12కు సంబంధించినంత వరకు ఈ మూడూ ఒకే మనిషిలో కలవకూడదు, నాలో కలిశాయి.

ఎందుకంటే బీ12ను మొక్కా తయారుచేయదు, జంతువూ తయారుచేయదు. బ్యాక్టీరియా ఒక్కటే చేస్తుంది. మేక కడుపులో బ్యాక్టీరియా చేసింది మేక కార్జంలో నిల్వ ఉంటుంది. ఆదివారం కార్జం వేపుడు తినే ఇళ్ళల్లో ఒక్క పూటలోనే రోజులకు సరిపడా దొరుకుతుంది. పాలు, పెరుగులో కొంత ఉంటుంది. తోటకూర, పాలకూర, మునగాకు ఎంత తిన్నా ఇది మాత్రం రాదు. పోనీ తిన్నదంతా ఒంటికి పడుతుందా అంటే అదీ లేదు. కడుపులోని ఆమ్లం దాన్ని మాంసకృత్తుల నుంచి విడదీయాలి. జీర్ణాశయం గోడ నుంచి వచ్చే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ దాన్ని పట్టుకోవాలి. ఆ జంట చిన్నపేగు చివరిదాకా ప్రయాణించి అక్కడ లోపలికి పోవాలి. గ్యాస్ మాత్ర ఆమ్లాన్ని తగ్గించి మొదట్లో దెబ్బకొడుతుంది. మెట్‌ఫార్మిన్ పేగు చివర గుంజుకోవడాన్ని తగ్గిస్తుంది. అయినా వెంటనే ఏమీ తెలియదు. ఒంట్లో, ఎక్కువగా కాలేయంలో, రెండు నుంచి ఐదు మిల్లీగ్రాముల దాకా నిల్వ ఉంటుంది, రోజుకు కావలసింది చూస్తే రెండు, రెండున్నర మైక్రోగ్రాములే. ఆ నిల్వ కరిగిపోవడానికే ఏళ్ళు పడుతుంది.

నాకు మొదట వచ్చింది నీరసం. రక్తం తక్కువుందని ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్రలు రాశారు. వాడితే హిమోగ్లోబిన్ పెరిగింది, ముఖంలో కళ వచ్చిందని అందరూ అన్నారు. అరికాళ్ళ తిమ్మిర్లు మాత్రం అట్లాగే ఉన్నాయి. షుగర్ ఉన్నప్పుడు నరాలకు అది మామూలేనని ఇంట్లోవాళ్ళు, బయటివాళ్ళు, మందులు రాసేవాళ్ళు అందరూ ఒకే మాట. ఇక్కడ కిటుకు ఏమిటంటే, ఎర్రరక్త కణాలు తయారవడానికి ఫోలిక్ ఆమ్లం, బీ12 రెండూ కావాలి. బీ12 తక్కువైనప్పుడు ఫోలిక్ ఆమ్లం బాగా పోస్తే రక్తం వరకు బండి కదులుతుంది. నరాల మీద ఉండే మైలిన్ పొరకు మాత్రం బీ12 లేకుండా గడవదు. కాబట్టి రక్తం రిపోర్టు బాగుపడుతూ ఉంటుంది, కాళ్ళు పాడవుతూ ఉంటాయి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945 ప్రాంతంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశాక, హానికర రక్తహీనత (బీ12 ఒంటికి పట్టక వచ్చే రక్తహీనత) ఉన్నవాళ్ళకు డాక్టర్లు దాన్ని ఇచ్చి చూశారు. రక్తం కోలుకుంది, నరాల జబ్బు ముదిరింది. అంటే రెండో పదార్థం ఇంకేదో ఉందన్నమాట. అది 1948లో ఎర్రటి స్ఫటికాలుగా చేతికొచ్చింది, అదే బీ12. సుబ్బారావు గారు పోయింది కూడా అదే ఏడాది. మా బడి పుస్తకంలో బీ12 ఎదురుగా రక్తహీనత అని ఒక్క ముక్క ఉంటుంది, నరాల మాట ఉండదు. ఇప్పుడు ఆ పట్టిక చెప్పేటప్పుడు నా తరఫున ఒక వాక్యం కలుపుతున్నా.

సంగతి బయటపడింది కాజీపేట స్టేషన్‌లో. పైవంతెన మెట్లు దిగుతున్నాను, ఎడమ కాలి చెప్పు పై మెట్టు మీదే ఉండిపోయింది. నాకు తెలియనే లేదు. వెనక వస్తున్న కాలేజీ అమ్మాయి "మేడమ్, మీ చెప్పు" అని తెచ్చి ఇచ్చింది. అప్పుడు నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన శృతిదండం మోగించి కాలి మీద పెట్టారు. మా ఫిజిక్స్ సారు ధ్వని పాఠంలో బల్లకు కొట్టి మోగించేలాంటిదే. చీలమండ ఎముక మీద పెడితే వణుకు సన్నగా తెలిసింది. బొటనవేలి మీద పెడితే చల్లటి ఇనుము తగిలినట్టు ఉంది తప్ప వణుకు లేదు. ఏం తింటారు, మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్ళ నుంచి అని అడిగిన మొదటి మనిషి ఆయనే. పరీక్ష చేయిస్తే బీ12 నూట యాభై దగ్గర ఉంది. రెండు వందలకు దిగువన ఉంటే లోపమనే అంటారు.

మొదట ఇంజెక్షన్లు. గోధుమరంగు గాజు ఆంప్యూల్ విరగ్గొట్టి సిరంజిలోకి లాగితే మందు ముదురు ఎరుపు. ఆ రంగు దాని నడుమ ఉన్న కోబాల్ట్ పరమాణువు వల్ల వచ్చింది. మన ఒంట్లో కోబాల్ట్‌కు ఉన్న పని ఇదొక్కటే. ఇంజెక్షన్‌లో ఉండే బీ12 రూపం మిథైల్‌కోబాలమిన్, అది వెలుతురుకు చెడిపోతుంది కాబట్టి గోధుమరంగు గాజు. సూది కొంచెం మంటే. కానీ నీరసం వారాల్లోనే తగ్గింది, నోటి పూత పోయింది. ఆ తర్వాత మాత్రకు మార్చారు, రోజుకు 1500 మైక్రోగ్రాములు.

రెండున్నర కావలసినచోట పదిహేను వందలేమిటని నాకూ అనుమానం వచ్చింది. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ దారిలో ఒక పూటకు పట్టేది ఒకటిన్నర, రెండు మైక్రోగ్రాములే. ఆ దారితో సంబంధం లేకుండా పేగు గోడలోంచి దానంతటదే ఊరేది నూటికి ఒక వంతు. అంటే పదిహేను వందలు మింగితే ఆ పక్కదారిలో పదిహేను దాకా లోపలికి పోతుంది. మిగతాదంతా వృథానే, ఆ వృథాకు సిద్ధపడే మాత్ర కట్టారు. నాలాగా అసలు దారి మూసుకుపోయినవాళ్ళకు ఇది నిజంగా మంచి ఏర్పాటు. నాలుక కింద పెట్టుకునే రకం ఇంకా మేలంటారు కానీ మింగినా అంతేనని పరీక్షల్లో తేలింది. రుచి తియ్యగా ఉంటుంది, అది వేరే సంగతి.

ఇక నా కోపం దగ్గరికొస్తాను. ఒకసారి స్ట్రిప్ అయిపోతే మా ఇంటి దగ్గరి షాపులో అడిగాను. కౌంటర్ దగ్గరున్న అబ్బాయి ఇంకేదో పేరున్న స్ట్రిప్ ఇచ్చి "అదే మందు మేడమ్, దీంట్ల ఇంకొంచెం పవర్ ఎక్కువుంటది" అన్నాడు. మర్నాటి నుంచి తల బరువు. రాత్రి నిద్ర సరిపోలేదేమో అనుకుంటూ బడికి పోతున్నా. మూడో నాడో నాలుగో నాడో కాజీపేటలో ప్యాసింజర్ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నదే గుర్తు. ఘన్‌పూర్ దాటింది తెలియదు, రఘునాథపల్లి దాటింది తెలియదు. పక్కనున్న పల్లీలమ్మే ఆమె భుజం పట్టి కుదిపింది. "అక్కా, నువ్వు రోజు జనగామల దిగేదానివి గాదా? ఆలేరొచ్చింది." దిగేసరికి కాళ్ళు తూలుతున్నాయి. హెడ్‌మాస్టర్‌కు ఫోన్ చేసి మొదటి పీరియడ్ వేరేవాళ్ళకు ఇమ్మని, ఎదురు బండి కోసం ప్లాట్‌ఫాం మీద కూర్చుని, పర్సులోంచి ఆ స్ట్రిప్ తీసి రేకు మీద వెండిరంగులో వెండిరంగు అక్షరాలు చదివాను. ప్రీగాబాలిన్ 75 మిల్లీగ్రాములు. మిథైల్‌కోబాలమిన్ 750 మైక్రోగ్రాములు.

ప్రీగాబాలిన్ విటమిన్ కాదు. నరాల నొప్పిని అణిచే మందు, మూర్ఛకూ వాడతారు. నిద్రమత్తు, తల తిరగడం దానికి తెలిసిన గుణాలే. నరాల నొప్పితో నిద్రలేనివాళ్ళకు అది అవసరం, కాదనను. కానీ డాక్టరు రాయాలి, మోతాదు ఆయన చూడాలి. షాపు అబ్బాయి అదనంగా ఇచ్చాననుకున్న పవర్ ఇది. అసలు నేను అడిగిన బీ12 మాత్రం సగానికి సగం తగ్గింది! ఆ సాయంత్రం వెళ్ళి అడిగితే "అందరికీ గదే ఇస్తున్నం మేడమ్" అన్నాడు. ఆ జవాబుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది. పొద్దున్నే స్కూటర్ మీద పోయేవాళ్ళెంతమంది ఇది మింగి హంటర్ రోడ్డు మీద బండి నడుపుతున్నారో.

తర్వాత వచ్చిన స్ట్రిప్‌లో ప్రీగాబాలిన్ లేదు కానీ బీ6 ఉంది. దీని సంగతి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. బీ6 రోజుకు రెండు మిల్లీగ్రాములకు అటూఇటూగా చాలు. ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది, వచ్చే లక్షణాలు తిమ్మిర్లు, మొద్దుబారడం. అంటే ఏ బాధ కోసం మాత్ర వేసుకుంటున్నామో ఆ బాధే. ఎంత దాటకూడదనే దాంట్లో దేశానికో లెక్క. అమెరికాలో రోజుకు 100 మిల్లీగ్రాముల హద్దు పెట్టుకున్నారు, యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో తన హద్దును 12కు దించింది. మన దగ్గర మాత్రల్లో మూడు మిల్లీగ్రాములు ఉన్నవీ ఉన్నాయి, అంతకు ఎన్నో రెట్లు ఉన్నవీ ఉన్నాయి. మూడుతో ఎవరికీ ఏమీ కాదు. కానీ అదే మనిషి బలానికని ఇంకో బీ కాంప్లెక్స్ కూడా వేసుకుంటే కూడికలు ఎవరు చేస్తారు? నీళ్ళలో కరిగే విటమిన్లు ఎక్కువైతే మూత్రంలో పోతాయిలే అని బడిలో చెప్తాం. బీ2 విషయంలో అది కళ్ళకు కనిపిస్తుంది కూడా, మూత్రం పసుపుపచ్చగా వస్తుంది. బీ6 దగ్గర ఆ సూత్రం ధీమా ఇవ్వదు.

మా వదినకు ఇంకో రకం చిక్కు. జుట్టు రాలుతుందని బయోటిన్ ఉన్న మాత్ర వాడుతూ థైరాయిడ్ పరీక్ష చేయించుకుంది. రిపోర్టు చూసి ఇంటిల్లిపాదికీ టెన్షన్. బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే కొన్ని రక్తపరీక్షల ఫలితాలు తారుమారవుతాయి, ఎందుకంటే ఆ పరీక్షల కిట్లలోనే బయోటిన్‌ను వాడతారు. డాక్టరు సలహాతో కొన్నాళ్ళు ఆపి మళ్ళీ చేయిస్తే అంతా మామూలే.

మాంసం తిననివాళ్ళకు స్పిరులినా చాలని సలహా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. దాంట్లో ఉండేది ఎక్కువగా బీ12ను పోలిన పదార్థం, మన ఒంటికి పనికిరాదు. బీ12 రూపాల్లో మిథైల్‌కోబాలమిన్ గొప్పదా, సయనోకోబాలమిన్ గొప్పదా అనే పంచాయితీ కూడా నాకు పెద్దగా పట్టదు. రెండింటినీ ఒళ్ళు తనకు కావలసిన రూపంలోకి మార్చుకుంటుంది. సయనో చవక, త్వరగా చెడదు కూడా. దొరికితే నాకు అదే ఇష్టం, మా దగ్గర షాపుల్లో అది మరీ అరుదు.

మొదటి ఏడాది స్టాఫ్ రూమ్‌లో ఈ మాత్ర గురించి నేను చెప్పని మనిషి లేరు. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. నీరసం పోయింది, నోటి పూత మళ్ళీ రాలేదు, బీ12 లెక్క ఆరు వందలు దాటింది. అరికాళ్ళ మంట చాలావరకు తగ్గింది. ఎడమ బొటనవేలి మొద్దు మాత్రం అట్లాగే ఉంది. లోపం ఎక్కువ కాలం నడిస్తే నరం పూర్తిగా కోలుకోకపోవచ్చని డాక్టరు ముందే చెప్పారు, పైగా నా కాళ్ళల్లో షుగర్ వాటా ఎంతో బీ12 వాటా ఎంతో విడదీసి చెప్పలేమన్నారు. కాబట్టి ఈ మాత్ర తిమ్మిర్లు పోగొడుతుందని నేను హామీ ఇవ్వను. తిమ్మిర్లకు కారణాలు చాలా ఉన్నాయి, పరీక్ష చేయించకుండా మొదలుపెడితే తర్వాత లెక్క చూసినా ఏమీ అర్థం కాదు.

2024 ఆగస్టులో కేంద్రం 156 రకాల కలగలుపు మందులను నిషేధించిందని పేపర్లో చదివి సంబరపడ్డాను. మా వీధి షాపులో అరలు మాత్రం నాకు అప్పటిలాగే కనిపించాయి. ఇప్పుడు ఎంజీఎం ఆస్పత్రి వైపు వెళ్ళినప్పుడు అక్కడి షాపుల వరుసలో ఒకచోట ఒట్టి బీ12 దొరుకుతోంది, రెండు మూడు నెలలకు సరిపడా తెచ్చుకుంటున్నా. కొనేముందు రేకు తిప్పి రెండో పేరు ఉందా అని చూస్తాను, ఉంటే వెనక్కి ఇచ్చేస్తాను. మెట్‌ఫార్మిన్ ఉన్నంతకాలం ఏడాదికోసారి పరీక్ష చేయించుకోమన్నారు, చేయించుకుంటున్నా. మా ఆయనకూ షుగరే, ఆయనా మెట్‌ఫార్మిన్ మీదే ఉన్నారు. కానీ ఆదివారం కార్జం తప్పదు, రోజూ గుడ్డు తింటారు, గ్యాస్ మాత్ర అలవాటు లేదు. ఆయన రిపోర్టులో బీ12 నిక్షేపంగా ఉంది, అందుకే ఆయనకు ఈ మాత్ర కొనడం లేదు.