ఒక్క కొట్లాటకే ఆదివారం గడిచిపోతోందా? కెయిర్న్ ఆడి చూడండి

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక పాత్ర అయిపోయి, డైస్ వేస్తూ కథ నడిపించే రోల్‌ప్లే ఆటల్లో కొట్లాట మొదలైందంటే చాలు, ఇద్దరు ఫోన్లు బయటికి తీస్తారు. మా నెల్లూరు బ్యాచ్‌లో ప్రతి ఆదివారం ఇదే తంతు. అందుకే ఈ కెయిర్న్ అనే సన్నటి రూల్‌బుక్ గురించి రాస్తున్నా. యోకై గాల్ అనే ఆయన 2020లో తెచ్చాడు, పీడీఎఫ్ ఉచితం. స్పీడ్ సంగతి ఇది బాగానే తేల్చింది, కాకపోతే ఊరికే తేల్చలేదు, వేరేచోట వసూలు చేసుకుంటుంది, అది కూడా చెప్తా.

మేం అంతకుముందు ఆడింది డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 రూల్స్. కథ మాత్రం సొంతం. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న మన ఉదయగిరి దుర్గమే, అందులో ఇప్పుడు గోబ్లిన్లు, అంటే పొట్టి రాక్షసులు, కాపురం పెట్టాయన్నమాట. నలుగురు ఆటగాళ్లు, ఆరు గోబ్లిన్లు. ముందు ఇనీషియేటివ్ వేసి ఎవరి తర్వాత ఎవరో రాసుకోవాలి, తర్వాత ఒక్కొక్కడు నడవాలి, యాక్షన్ చెప్పాలి, అదనంగా చేసే బోనస్ యాక్షన్ ఉందేమో తన పాత్ర వివరాలుండే క్యారెక్టర్ షీట్‌లో వెతుక్కోవాలి, దెబ్బ తగిలిందో లేదో ఒక డైస్, తగిలితే ఎంత తగిలిందో ఇంకో డైస్. గోబ్లిన్ ఆర్మర్ క్లాస్ 15, అంటే దెబ్బ తగలాలంటే మొత్తం 15 రావాలి, మొదటి లెవెల్ ఫైటర్‌కి డైస్ మీద కలుపుకోవడానికి ప్లస్ 5 ఉంటే ఇరవై ముఖాల డైస్ మీద 10 గానీ ఆ పైన గానీ పడాలి, అంటే నూటికి 45 సార్లు కత్తి గాల్లో ఊగి ఊరుకుంటుంది. ఏమీ మారదు. మళ్లీ మన వంతు రావాలంటే మిగతా ముగ్గురూ ఆరు గోబ్లిన్లూ అయిపోవాలి. ఆటలో ఒక రౌండ్ అంటే 6 సెకన్లేనట, ఇక్కడ మనుషులు వెళ్లి టీ తాగి వస్తున్నారు. "ఎప్పుడొస్తాది మావా నా టర్న్" అని మావాడు అడిగీ అడిగీ చివరికి అడగడం కూడా మానేశాడు.

రూల్స్ ఎక్కువున్నాయని ఆట నెమ్మదిస్తుందని చాలామంది అంటారు గానీ నాకు అలా అనిపించదు. డైస్ వేసినా ఏమీ మారని వంతులు, ఆ వంతు కోసం ఖాళీగా కూర్చోవడం, ఈ రెండే అసలు జబ్బు.

కెయిర్న్ సరిగ్గా అక్కడే కత్తెర వేసింది. ఇందులో "తగిలిందా లేదా" అనే డైసే లేదు, దెబ్బ ఎప్పుడూ తగులుతుంది. ఈ ఐడియా దీని సొంతం కాదు, అంతకుముందే వచ్చిన ఇన్‌టు ది ఆడ్ అనే ఆటది. మా బల్ల మీద జరిగింది చెప్తా. గోబ్లిన్‌కి 4 హెచ్‌పీ (దెబ్బలు ఓర్చుకునే పాయింట్లు), బలం 8, కవచం లేదు. మావాడి కత్తికి ఎనిమిది ముఖాల డైస్, 7 పడింది. 4 హెచ్‌పీ ఎగిరిపోయింది, మిగిలిన 3 బలంలోంచి పోయి 5కి దిగింది. ఇప్పుడు ఆ గోబ్లిన్ నిలబడాలంటే ఇరవై ముఖాల డైస్ మీద 5 గానీ అంతకన్నా తక్కువ గానీ వేసుకోవాలి, 12 పడింది, కూలబడిపోయింది. అక్కడితో అయిపోలేదు. ఒకడు పడ్డాడు కాబట్టి మిగతా గోబ్లిన్లకి ధైర్య పరీక్ష, అంటే నిలబడతాయా పారిపోతాయా అని ఒక డైస్, సగం మంది పోయాక ఇంకోసారి. ఆ మొదటి పరీక్షలోనే తప్పాయి, అన్నీ కొండ దిగి పరుగో పరుగు. బజ్జీలు చల్లారేలోపు కొట్లాట ముగిసింది!

ఇనీషియేటివ్ లెక్క కూడా తేలికే. మొదటి రౌండ్‌లో చురుకుదనం మీద ఒక డైస్, గెలిస్తే శత్రువు కంటే నువ్వు ముందు, అంతే. ముగ్గురు కలిసి ఒకణ్ణి కొడితే మూడు డైసులూ వేసి అన్నిటికంటే పెద్ద అంకె ఒక్కటే లెక్కలోకి తీసుకుంటారు. దీని మీద మాత్రం గొడవైంది, "నేనేసిన 6 ఏమైపోయింది" అని ఒకడు. న్యాయంగానే అడిగాడు, మంచి అంకె పడ్డాక అది లెక్కలోకే రాకపోతే ఉసూరుమంటుంది.

ఇక అసలు ఖరీదు. గోబ్లిన్‌కి ఏ రూలో మనకీ అదే రూలు. మొదట్లో మన హెచ్‌పీ ఒక్క ఆరు ముఖాల డైస్ మీద ఎంత పడితే అంతే, కవచం ఎంత తొడుక్కున్నా 3 దాటదు. రెండు దెబ్బలు గట్టిగా పడ్డాయంటే మన క్యారెక్టర్ పాడె ఎక్కినట్టే. దాంతో ఎవడూ కత్తి దూయడు. గుహ ముందు కూర్చుని ఎండుమిరపకాయల పొగ పెడదామా, మేకని ఎరవేద్దామా, బేరం ఆడదామా అని ఒకటే చర్చ. కొట్లాటలో మిగిలిన టైమంతా ఈ చర్చలకే పోతుంది. కాకపోతే ఆ చర్చలో నలుగురూ ఉంటారు, ఫోన్ ఎవడి చేతిలోనూ కనపడదు, నాకు కావాల్సింది అదే.

మా గుంపులో ఒకడికి మాత్రం ఇది అస్సలు ఎక్కలేదు. లెవెల్ పెరిగితే ఏ పవర్ తీసుకోవాలా అని వారమంతా ఆలోచించే రకం. కెయిర్న్‌లో లెవెల్స్ లేవు, లెవెల్ పెంచే అనుభవం పాయింట్లు, అదే ఎక్స్‌పీ, లేదు, ఆ సరదా మొత్తం పోయింది. మీరూ ఆ రకమైతే దీని జోలికి పోకండి.

ఐదో ఎడిషన్ వదలలేని వాళ్లు దాన్నే కొంచెం పరిగెత్తించొచ్చు. గోబ్లిన్లని చివరిదాకా చంపుతూ కూర్చోకండి, పారిపోనివ్వండి. ఆట నడిపేవాళ్ల కోసం రాసిన డన్జన్ మాస్టర్ గైడ్‌లోనే ధైర్య పరీక్ష ఐచ్ఛిక రూల్‌గా ఉంది, విజ్డమ్ సేవ్, అంటే ఇరవై ముఖాల డైస్‌కి వివేకం అంకె కలిపితే 10 గానీ ఆ పైన గానీ రావాలి. దెబ్బ డైస్, డ్యామేజ్ డైస్ ఒకేసారి వేయించండి. థర్టీన్త్ ఏజ్ అనే ఇంకో ఆటలో ఒక చక్కటి కిటుకుంది, రెండో రౌండ్ నుంచి ఆటగాళ్లు దెబ్బ తగిలిందా అని వేసే డైస్‌కి ఒక్కో పాయింట్ పెరుగుతూ 6 దాకా వెళ్తుంది, కొట్లాట సాగేకొద్దీ గురి తప్పడం తగ్గుతుంది కాబట్టి చివర్లో ఈడ్చదు.

చిల్లర కొట్లాటలకి నేనైతే ఇకమీద కెయిర్నే. డ్రాగన్ వచ్చే రోజు మాత్రం ఐదో ఎడిషన్ పుస్తకాలే తీస్తాం, ఎందుకంటే అక్కడ పెద్ద డ్రాగన్లకి లెజెండరీ యాక్షన్లు ఉంటాయి, వేరేవాళ్ల టర్న్ అయిపోగానే మధ్యలో లేచి తోకతో ఒకటిస్తుంది, నీ వంతు రాలేదని ఫోన్ చూస్తూ కూర్చోవడానికి వీల్లేదు.