చెన్నై వానల్లో ఫంగస్‌కి ఏది కొనాలి: ఎయిర్ ప్యూరిఫయరా, డీహ్యూమిడిఫయరా?

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాన పట్టుకుందంటే వేళచ్చేరి వైపు ఇళ్లలో బీరువా వెనక గోడకి నల్ల మచ్చలు, తోలు బెల్టుకి తెల్లటి నూగు మామూలే. హెపా ఫిల్టరున్న (అంటే సన్నటి కణాల్ని పట్టే ఫిల్టరున్న) ప్యూరిఫయర్ గాల్లో తేలే స్పోర్లను, అంటే ఫంగస్ విత్తనాల్లాంటి కణాల్ని, బాగానే పడుతుంది, 0.3 మైక్రాన్ల కణాలనే 99.97 శాతం ఆపే ఫిల్టరుకి 2-3 మైక్రాన్ల ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ స్పోరు ఒక లెక్కా? ఆస్తమా ఉన్నవాళ్ల పడగ్గదికి అదే నయం. కానీ గోడ మీది ఫంగస్ జోలికి అది పోదు.

డీహ్యూమిడిఫయర్ గదిలో తేమని 60 శాతం లోపుకి దించి ఫంగస్ అసలు పెరగకుండానే చూస్తుంది, కాకపోతే తలుపులు మూసి ఉంచాలి, ట్యాంకు నిండినప్పుడల్లా పారబోయాలి, పైగా గది కాస్త వేడెక్కుతుంది (చెన్నైలో ఇదొకటి తక్కువైంది!). ఆఫీసులో ఏసీ ట్రేలో నీళ్లు నిలుస్తుంటే ముందు అది కడిగించండి. ఇంటికైతే నా ఓటు డీహ్యూమిడిఫయర్‌కే, గోడలో పైపు లీకేజీ లేకపోతేనే సుమా.