గోడ గోకాలా, నీళ్లతో కొట్టాలా?

బయటి గోడలకు మనమే రంగు వేసుకునేటప్పుడు, పాత పూత తీయడానికి రెండు దారులున్నాయి: వైర్ బ్రష్‌తో గోకడం, ప్రెషర్ వాషర్‌తో కడగడం.

వాషర్‌తో పని త్వరగా అవుతుంది. వానాకాలంలో పట్టిన పాచి, దుమ్ము బాగా పోతాయి. కానీ నాజిల్ మరీ దగ్గరగా పెడితే పాత ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడుతుంది, బీటల్లోంచి నీళ్లు లోపలికి దిగుతాయి. పైగా గోడ పూర్తిగా ఆరేదాకా రోజుల తరబడి ఆగాలి. తడి గోడమీద ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) వేస్తే తర్వాత పొంగుతుంది.

గోకడానికి చేతులు నొప్పెడతాయి, నిజమే. అయినా పాత ఇంటికి నా ఓటు దీనికే. ఎక్కడ గుల్లగా ఉందో, ఎక్కడ లప్పం పెట్టాలో చేతికే తెలుస్తుంది. అరచేత్తో రుద్దితే తెల్లగా పొడి అంటుతోందా? ఇంకా గోకాలి.

గేట్లు, గ్రిల్స్ మీద పాత ఎనామెల్ ఉంటే మాత్రం పొడిగా రుద్దకండి. ఇళ్ల రంగుల్లో సీసం (లెడ్) 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఎక్కువే ఉండొచ్చు, ఆ పొడి ఒంట్లోకి పోతే హాని. తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.