కేసీ కాలువ గట్టు: ఆరేళ్లు తొక్కాక

కర్నూలులో కొత్తగా సైకిలు కొనాలనుకునేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఏ సైకిలు మంచిదని. ఏ దారిలో తొక్కుతారో ముందు చెప్పండి, సైకిలు సంగతి తర్వాత చూద్దాం అంటాను. ఊరు దాటితే ఒకవైపు 44వ నంబరు జాతీయ రహదారి, ఇంకోవైపు నంద్యాల మీదుగా కడప వెళ్లే 40వ నంబరు. లారీ పక్కనుంచి పోతే ఆ గాలికే హ్యాండిల్ ఊగుతుంది. 2019లో మోకాళ్ల నొప్పులకు డాక్టరు సలహా మీద సైకిలెక్కిన నేను, రెండు వారాలు తిరక్కుండానే హైవేకు దండం పెట్టి కేసీ కాలువ (కర్నూలు-కడప కాలువ) గట్టెక్కాను. ఇప్పటికి సైకిలు మీటరులో 14 వేల కిలోమీటర్లు దాటాయి. అందులో ముప్పాతిక వంతు ఈ గట్టు మీదే. కాబట్టి ఇది సైకిలు గురించి కాదు, గట్టు గురించి.

మొదటి నెలలోనే నన్ను ఆశ్చర్యపరిచింది ఎక్కడా ఎక్కుడు లేకపోవడం. రాయలసీమలో చిన్న ఊరికి పోవాలన్నా రెండు మిట్టలు ఎక్కి దిగాలి కదా. గట్టు మీద ఆ బాధ లేదు. నీళ్లు మిట్టలెక్కవు కాబట్టి అని అనుకుంటాం గానీ, అసలు కారణం అంతకంటే ముచ్చటైనది. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ ఈ కాలువను పొలాల కోసమే కాక పడవల కోసం కూడా తవ్వింది. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప వరకు సుమారు 306 కిలోమీటర్లు. పడవ ఎదురు వెళ్లాలంటే ప్రవాహం నెమ్మదిగా ఉండాలి, అంటే వాలు చాలా తక్కువ ఉండాలి. తప్పనిసరిగా దిగాల్సిన చోట లాకులు, అంటే పడవలను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి దించే, ఎక్కించే తలుపులు కట్టారు. కంపెనీకి లాభాలు రాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసింది, కాలక్రమంలో పడవలూ పోయాయి. ఆ వాలు మాత్రం మిగిలింది. ఎవరికో సరుకు రవాణా కోసం వేసిన లెక్క నూటయాభై ఏళ్ల తర్వాత నా మోకాళ్లకు అక్కరకొచ్చింది.

మిట్టలు లేవు గానీ గాలి ఉంది. ఆషాఢంలో కర్నూలు నుంచి సుంకేసుల వైపు బయలుదేరితే పడమటి గాలి ఎదురు కొడుతుంది. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారికి రెండున్నర గంటలు పట్టిన రోజులున్నాయి. తిరుగు ప్రయాణంలో అదే గాలి వీపు మీద చెయ్యి వేసి తోస్తుంది. అందుకే వానాకాలంలో ముందు పడమరకే పోతాను. అలసట ముందు, సుఖం తర్వాత.

ఇక అసలు శత్రువు దగ్గరికి వస్తాను. వాహనాలు లేని దారిలో ప్రాణభయం ఉండదు, ట్యూబు భయం ఉంటుంది. గట్టు మీద రెండు రకాల ముళ్లు. ఒకటి కంపచెట్లది. బొగ్గుల కోసమో వంటచెరకు కోసమో కొమ్మలు నరికి ఈడ్చుకుపోయిన చోట, అంగుళం పొడుగు ముళ్లు దుమ్ములో పడుకుని ఉంటాయి. ఇది గుచ్చుకుంటే బుస్సుమని వెంటనే తెలుస్తుంది, దిగి అతుకు వేసుకోవచ్చు. రెండోది పల్లేరు కాయ. ఇది దొంగ. ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. టైరులోకి దిగి, ముల్లే బిరడాలాగా రంధ్రాన్ని మూసేస్తుంది. ఇంటికి వచ్చేదాకా గాలి దిగదు. పొద్దున లేచి చూస్తే సైకిలు రిమ్ము మీద కూర్చుని ఉంటుంది.

మొదటి ఏడాది నేను ఒక పెద్ద దుకాణంలో కొన్న గేర్ల సైకిలుకు సన్న టైర్లు ఉండేవి. గట్టు మీద తొక్కుతానని చెప్పినా, ‘ఏ రోడ్డయినా పరవాలేదు సార్’ అని అంటగట్టారు. అక్టోబరులో ఒక్కరోజే ఐదు పంక్చర్లు. ఐదోదానికి అతుకులు అయిపోయి, ట్యూబులో గడ్డి కుక్కుకుని, గుర్రబ్బండిలాగా దడదడలాడుతూ ఇల్లు చేరాను. ఆ సైకిలు అమ్మేసి, గేర్లు లేని ఇనుప ఫ్రేము సైకిలు తీసుకుని, దానికి రెండంగుళాల వెడల్పు టైర్లు వేయించాను. ట్యూబులో పంక్చర్లు మూసే జిగురు ద్రవం పోయించాను. పల్లేరుకు అది బ్రహ్మాస్త్రం. కంప ముల్లుకు సగమే పనిచేస్తుంది. ఇప్పుడు నెలకు ఒకటి రెండు పంక్చర్లు, అంతే. గేర్లు లేవన్న లోటు ఆరేళ్లలో లాకుల దగ్గర తప్ప ఎక్కడా తెలియలేదు.

మడ్‌గార్డుల విషయంలో మాత్రం అందరికీ విరుద్ధంగా చెబుతాను. తీసేయండి. 2021 ఆగస్టులో నిడ్జూరు దాటి వెళ్తుంటే వాన పట్టుకుంది. గట్టు మీద మొరం ఉన్నంతసేపు బాగానే ఉంది. మొరం అయిపోయి నల్లరేగడి మొదలైంది. పది గజాలు పోయేసరికి చక్రం తిరగడం మానేసింది. రేగడి టైరుకు చుట్టుకుని, మడ్‌గార్డులో ఇరుక్కుని, బ్రేకు కట్టెల చుట్టూ పిడకలాగా బిగుసుకుపోయింది. తంగేడు కొమ్మ విరిచి గోకితే ఊడొస్తుంది, రెండడుగులు వేయగానే మళ్లీ అంతే. పద్నాలుగు కిలోల సైకిలు ఇరవై కిలోలయింది. భుజాన వేసుకుని నడుస్తుంటే ఎదురుగా కాలువ లస్కరు గొడుగు పట్టుకుని వచ్చాడు. తూములు చూసుకుంటూ రోజూ గట్టు మీద నడిచే మనిషి.

‘ఏం సార్, సైకిలు మీరెక్కుతారనుకుంటే అదే మిమ్మల్నెక్కిందే’ అన్నాడు.

‘ఎంతదూరం ఉంటుంది పెద్దాయనా ఈ రేగడి?’

‘ఆ మలుపు దాకా. అయినా వాన పడ్డ మర్నాడు కూడా ఎవరన్నా వస్తారా సార్ గట్టు మీదికి? రెండు ఎండలు కాయనియ్యండి.’

అప్పటి నుంచి అదే నా నియమం. వాన పడితే రెండు ఎండలు. గట్టు గురించి నాకు పాఠం చెప్పిన ఒకే ఒక్కడు ఆయన. తర్వాత చాలాసార్లు కలిశాడు. ఎక్కడ గండి పూడ్చారో, ఎక్కడ తూము తవ్వి దారి తెగ్గొట్టారో ఆయనకు తెలిసినంత ఏ పటానికీ తెలియదు.

ఏ నెలలో ఏం ఉంటుందో కాలువలోని నీళ్లే నిర్ణయిస్తాయి. తుంగభద్రకు వరద వచ్చాక, జూలై ఆగస్టుల్లో నీళ్లు వదులుతారు. అప్పటి నుంచి సంక్రాంతి దాకా గట్టుకు ఒకవైపు నిండు కాలువ, ఇంకోవైపు వరి మడులు. తెల్లవారుజామున ఆ రెంటి మధ్య చల్లదనం వేరే. మోకాలి ఎత్తు దాకా చలి, తలకు ఎండ. లకుముకి పిట్ట నాకంటే ముందు ఎగిరి, ఒక కర్ర మీద వాలి, నేను దగ్గరికి రాగానే మళ్లీ ఇంకో కర్ర దాకా పోతుంది. ఇలా కిలోమీటరు దూరం దారి చూపించిన రోజులున్నాయి. నవంబరు చివర్లో కోతలు. గట్టంతా వడ్లు ఆరబోస్తారు. అప్పుడు దిగి, వడ్ల అంచు వెంబడి సైకిలు నడిపించుకుని పోవడమే మర్యాద. ఒకసారి తొందరలో అంచు మీదుగా తొక్కితే ఒక ముసలమ్మ ఏమీ అనలేదు, చీపురు తీసుకుని నా చక్రం గీసిన గీతను చెరిపేసింది. తిట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

ఏప్రిల్, మే నెలల్లో కాలువ ఎండిపోతుంది. ఆ రెండు నెలలు నేను గట్టు జోలికి పోను.

ప్రమాదం గురించి దాచకుండా చెప్పాలి. 1990ల చివరి నుంచి జపాన్ రుణ సహాయంతో కాలువను ఆధునికీకరించి, చాలా చోట్ల లోపలి వైపు సిమెంటు లైనింగు వేశారు. నీటి వృథా తగ్గింది, మంచిదే. కానీ పాచి పట్టిన ఆ సిమెంటు వాలు మీద జారి పడినవాడు మళ్లీ పైకి రావడం కష్టం. చేతికి అందే గడ్డిపోచ కూడా ఉండదు. నీళ్లున్నన్ని రోజులూ పొలం వైపు అంచునే తొక్కుతాను. చీకటి పడ్డాక అసలు ఉండను. పాములకు కూడా ఆ వెచ్చటి గట్టంటే ఇష్టం.

‘ట్రాఫిక్ లేని దారి’ అన్నాను గానీ, పూర్తిగా లేదంటే అబద్ధం. ఊళ్ల దగ్గర పెంటకుప్పలు, గడ్డి ట్రాక్టర్లు, సాయంత్రం ఇంటికి మళ్లే గేదెల మంద. గేదెలకు గంట కొట్టినా లెక్కలేదు. కుక్కలకు మాత్రం సైకిలు దిగి నడిస్తే చాలు, ఆసక్తి పోతుంది. కర్నూలు ఊళ్లో కాలువ వెంబడి తొక్కడం నేనైతే సిఫారసు చేయను. వినాయక ఘాట్ చుట్టుపక్కల జనం, చెత్త, వాసన. కాలువ హంద్రీ నదిని అక్విడక్టు మీద దాటుతుంది. అది చూడదగ్గది: కింద ఏరు, పైన కాలువ. నేను రోడ్డు వంతెన మీదుగా పోయి అవతల గట్టు అందుకుంటాను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఈ చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఇప్పటికీ గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

పొడుగు ప్రయాణం కావాలంటే కర్నూలు నుంచి నందికొట్కూరు వైపు, అక్కడి నుంచి వెలుగోడు, నంద్యాల మీదుగా కిందికి. మిట్టకందాల దగ్గర ఈ కాలువ కృష్ణా, పెన్నా పరీవాహక ప్రాంతాల మధ్య ఉన్న మిట్టను దాటుతుంది. అంటే, ఒక నది లోయలోంచి ఇంకో నది లోయలోకి చెమట పట్టకుండా దాటేస్తాం. మొదటిసారి ఆ సంగతి తెలియక నేను బిస్కెట్లు తింటూ దాటేశాను. ఆ తర్వాత నీళ్లన్నీ పెన్నాలో కలిసే కుందూ నది వైపే. కుందూ లోయలో తేమ ఎక్కువ, పచ్చదనం ఎక్కువ, దోమలూ ఎక్కువే. కుందూ మీద రాజోలి ఆనకట్ట కింది భాగంలో గట్టు కొన్ని చోట్ల కంపల్లో కలిసిపోయింది. రోడ్డెక్కక తప్పదు. కడప దాకా రెండుసార్లు పోయాను, రెండుసార్లూ ఐదు రోజులే పట్టింది. రెండోసారి పోయినందుకు కొంచెం చింతిస్తున్నాను. వెలుగోడు దాకా రెండు రోజుల ప్రయాణం చాలు, అసలు రుచి అందులోనే ఉంది.

చలికాలంలో ఒక పూట గార్గేయపురం చెరువుకు కేటాయించండి. నందికొట్కూరు దారిలోనే ఉంది. రంగు రెక్కల కొంగలు తల ముంచి నీళ్లలో ముక్కుతో తడుముతూ నిలబడి ఉంటాయి. తల వెనక రెండు నల్లచారలున్న బాతులను కూడా అక్కడే మొదటిసారి చూశాను. హిమాలయాలు దాటి వచ్చే పక్షులవి. ఏ గుంతలో వాలతాయో వాటికి ఎవరు చెబుతారో గానీ, నాకంటే ముందే వచ్చి ఉంటాయి.

తిండికి లోటు లేదు. గట్టు దిగి ఏ ఊరి సెంటరుకు పోయినా పొద్దున పూట ఉగ్గాని, మిరపకాయ బజ్జి దొరుకుతాయి. ముందు తిని తర్వాత తొక్కడం నా పొట్టకు సరిపోదు, పదిహేను కిలోమీటర్లు తొక్కి తింటాను. నీళ్లు మాత్రం ఇంటి నుంచే రెండు లీటర్లు. కాలువ నీళ్లు ఎంత తేటగా కనిపించినా తాగకండి.

ఈ ఏడాది దసరా తర్వాత సుంకేసులకు పోయి వచ్చాను. వెనక టైరు విప్పి గుడ్డతో లోపల తుడిస్తే గుడ్డకు నాలుగు పల్లేరు మొనలు తగిలాయి. పటకారుతో లాగేశాను. దేనికీ గాలి పోలేదు. జిగురు ద్రవం ఖర్చు రాబట్టుకున్నట్టే.