పక్షిని పెంచడమా, శత్రువును తొలగించడమా: ఏది మేలు?

ఎగరలేని పక్షుల సంరక్షణ గురించి రాసినప్పుడల్లా పాఠకులు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: అంతరించిపోయే దశకు చేరిన పక్షిని పట్టి, బోనులో సంతతిని పెంచి, మళ్లీ అడవిలో వదిలితే సరిపోదా? దీవి అంతటా ఎలుకలనూ పాములనూ వెతికి చంపే ఖర్చంతా ఎందుకు? దీనికి జవాబు వెతకడానికి ఒకే ప్రజాతికి (జీనస్‌కు) చెందిన రెండు పక్షులు బాగా పనికివస్తాయి. ఒకటి ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న లార్డ్ హోవ్ దీవిలోని వుడ్‌హెన్. రెండోది పసిఫిక్‌లో అమెరికా పాలనలో ఉన్న గువామ్ దీవి రైల్ పక్షి. అక్కడి చమోరో ప్రజలు దాన్ని కోకో అంటారు. రెండూ మన చెరువుగట్ల మీద కనిపించే నీటికోళ్ల కుటుంబానివే. రెండూ నేల మీదే గూడు పెడతాయి. 1980ల తొలినాళ్లకు రెండింటి పరిస్థితీ చేయిదాటే స్థితికి వచ్చింది.

వుడ్‌హెన్ భయమెరగని పక్షి. చప్పుడు వినిపిస్తే పారిపోవడానికి బదులు అదేమిటో చూడటానికి దగ్గరికి వస్తుంది కాబట్టి, 1788 తర్వాత ఆ తీరానికి వచ్చిన నావికులకు దాన్ని పట్టుకోవడం కష్టమే కాలేదు. ఆ తర్వాత మనుషులతో వచ్చిన పందులు, పిల్లులు మిగిలిన పక్షులను వేటాడగా, 1970ల నాటికి 875 మీటర్ల ఎత్తున్న మౌంట్ గోవర్ శిఖరం మీద మాత్రమే కొన్ని జంటలు మిగిలాయి. పందులు ఎక్కలేనంత నిటారైన చరియలు ఆ కొండకు ఉండటమే అవి బతకడానికి కారణం. అడవి పందులను తొలగించే పనీ, శిఖరం నుంచి దించిన మూడు జంటలతో దీవిలోనే పెంపకమూ దాదాపు ఒకేసారి సాగాయి. నాలుగేళ్లలో సుమారు ఎనభై పక్షులను అడవిలో వదలగలిగారంటే, ఈ జాతి ఎంత సులువుగా గుడ్లు పెట్టి పిల్లలను పెంచుతుందో అర్థమవుతుంది. పెంపకం ఎప్పుడూ అసలు సమస్య కాదని నా అభిప్రాయం.

దీనికి తర్వాతి చరిత్రే సాక్ష్యం. అడవిలోని పక్షుల సంఖ్య రెండు వందలు దాటాక, దాదాపు మూడు దశాబ్దాల పాటు అంతకు మించి పెద్దగా పెరగలేదు. జంటలు తమ తమ హద్దులను కాపాడుకుంటాయి కాబట్టి దీవిలో చోటు అంతేనని చాలామంది సరిపెట్టుకున్నారు. అయితే 1918లో మకాంబో అనే ఓడ తీరంలో ఒరిగినప్పుడు దిగిన ఎలుకలు అప్పటికీ అడవిలోనే ఉన్నాయి. 2019లో ఎలుకలను, చుంచులను పూర్తిగా తొలగించే కార్యక్రమం మొదలైంది. కొండల మీద హెలికాప్టర్ల నుంచి విషపు ఎర చల్లారు, జనావాసాల్లో పెట్టెల్లో పెట్టారు. ఆ ఎరను వుడ్‌హెన్‌లు కూడా తినే ప్రమాదం ఉన్నందున, రెండు వందలకు పైగా పక్షులను ముందే పట్టి నెలల తరబడి ఆవరణల్లో ఉంచారు. ఈ పథకం మీద దీవి ప్రజలు తీవ్రంగా చీలిపోయారు, వారి ఆందోళన నిరాధారమేమీ కాదు. అయినా 2022 నాటికి వుడ్‌హెన్‌ల సంఖ్య వెయ్యి దాటింది. దీవి విస్తీర్ణం పెరగలేదు, హద్దులు కాపాడుకునే అలవాటూ పోలేదు. పోయినవి ఎలుకలూ చుంచులే.

గువామ్‌లో జరిగింది దీనికి భిన్నం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైనిక సరుకుతో పాటు వచ్చిందని భావించే గోధుమరంగు చెట్టుపాము అక్కడి అడవి పక్షులను దాదాపుగా తుడిచిపెట్టింది. పురుగుమందులనో రోగాలనో అనుమానిస్తూ చాలా కాలం గడిచాక, జూలీ సావిడ్జ్ అనే పరిశోధకురాలు 1987లో పామే కారణమని నిరూపించారు. అప్పటికే కోకో అడవిలో లేదు. అంతకుముందు పట్టిన ఇరవై ఒక్క పక్షులే ఈ జాతికి మిగిలిన ఆధారమయ్యాయి. బోనుల పెంపకం లేకపోతే కోకో ఈ రోజు మ్యూజియంలో మాత్రమే ఉండేది. ఈ మాట ఒప్పుకోకపోతే అన్యాయమవుతుంది.

అయితే పెంచిన పక్షులను ఎక్కడ వదలాలి? పాము ఉన్న గువామ్‌లో వదలలేరు. 1989 నుంచి దగ్గరలోని రోటా దీవిలో వదిలితే పిల్లులు చాలావాటిని తినేశాయి. 2010లో గువామ్ దక్షిణ తీరానికి ఆవల ఉన్న చిన్న కోకోస్ దీవిలో పదహారింటిని వదిలారు. ఈ రెండు చోట్లా నిలదొక్కుకున్న పక్షుల వల్ల 2019లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ‘అడవిలో అంతరించిన’ జాబితా నుంచి తప్పించింది. కాలిఫోర్నియా కాండర్ అనే రాబందు తర్వాత ఇలా తిరిగివచ్చిన రెండో పక్షి ఇదే. మరుసటి ఏడాదే కోకోస్‌లో చెట్టుపాము కనిపించింది.

మూడో మార్గం కంచె. జపాన్‌లోని ఒకినావా దీవి ఉత్తర భాగంలో ఉండే ఒకినావా రైల్ కోసం ముంగిసలు ఉత్తరానికి రాకుండా కంచె కట్టి, లోపలి వాటిని పట్టారు. పాములను తింటాయని 1910లో గంగా ముఖద్వారం నుంచి తెచ్చిన మన ముంగిసలే అవి. రాత్రి తిరిగే పామునూ పగలు తిరిగే ముంగిసనూ జోడించిన ఆ ఆలోచన ఎవరికి తట్టిందో గాని! కంచె ఉపయోగకరమే, అయితే దాని నిర్వహణకు అంతంటూ లేదు.

గువామ్ వైశాల్యం సుమారు 540 చదరపు కిలోమీటర్లు, లార్డ్ హోవ్ పదిహేను లోపే. అంత పెద్ద దీవిలో, చెట్ల మీద దాగే పామును పూర్తిగా తొలగించడం ఇంతవరకు సాధ్యం కాలేదు. చచ్చిన చిట్టెలుకల్లో ఈ పాములకు విషమైన పారాసిటమాల్ పెట్టి హెలికాప్టర్ల నుంచి జారవిడిచే పద్ధతి కొన్ని చోట్ల పాముల సంఖ్యను తగ్గిస్తోంది. కాబట్టి గువామ్ వాళ్లు తప్పు మార్గం ఎంచుకున్నారని అనను, వాళ్ల ముందు మరో మార్గం లేదు. కాని దీవి చిన్నదై, శత్రువును తొలగించే పద్ధతి తెలిసినదైతే, డబ్బు మొదట అక్కడే పెట్టాలని, పెంపకాన్ని ఆ పని ముగిసేదాకా సాగే తోడ్పాటుగానే చూడాలని నా మొగ్గు. లార్డ్ హోవ్‌లో కూడా 2021లో మళ్లీ రెండు ఎలుకలు దొరికాయి. వాటి వెంట మరేమైనా ఉన్నాయా అని మళ్లీ ఎరలు పెట్టి వెతకాల్సి వచ్చింది. దీవికి వచ్చే సరుకును శిక్షణ పొందిన కుక్కలతో వాసన చూపించే ఏర్పాటు ఇకపైనా కొనసాగుతూనే ఉండాలి.