పాత వ్యాను మిస్సింగుకి స్పార్క్ టెస్టర్: కొన్నేళ్లు వాడాక

మిస్సింగ్ అంటే ఏదో ఒక సిలిండర్‌లో మంట అందుకోక ఇంజన్ ఎగిరెగిరి పడటం. కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకిచ్చే భాగం) కాలం నాటి వ్యాను ఉన్నవాళ్లకి, బండి కంప్యూటర్లోని తప్పుల కోడ్లు చదివే స్కానర్ పనికిరాదు. దాన్ని గుచ్చడానికి బండిలో సాకెట్టే ఉండదు. అందుకే ప్లగ్గుకీ ప్లగ్గు వైరుకీ మధ్య పెట్టే స్పార్క్ టెస్టర్ ఒకటి కొన్నాను. వైరులో కరెంటు వెళ్లిన ప్రతిసారీ లోపలున్న చిన్న నియాన్ బల్బు మినుకుమంటుంది, అంతే. కొనొచ్చా అంటే కొనొచ్చు. కాకపోతే అది చెప్పేది ఒకే ఒక్క సంగతి: తప్పు స్పార్క్ వైపా, కాదా.

మాది కావలి. మూడు సిలిండర్ల పెట్రోలు వ్యానులో టెంటు సామాను తోలుతుంటాం. ఎప్పుడూ ఉండే మిస్సింగుని ఏ మెకానిక్కయినా పట్టేస్తాడు. వచ్చిపోయేదే ప్రాణం తీస్తుంది. తెల్లారుజామున తుమ్మలపెంట నుంచి లోడుతో వచ్చేటప్పుడు ఎగిరెగిరి పడిన బండి, ఎండెక్కి షెడ్డుకి తీసుకెళ్లేసరికి బుద్ధిగా నిలబడుతుంది. మెకానిక్ రేస్ చేసి చూసి "బానే ఉందే అన్నా" అంటాడు. మళ్లీ తనే "ఎందుకైనా మంచిది, కార్బురేటర్ దింపి కడిగేద్దాం" అంటాడు. మిస్సింగ్ అన్నారంటే ముందు కార్బురేటర్ మీద పడటం మావైపు ఆచారం.

టెస్టర్ అసలు ఉపయోగం షెడ్డులో కాదు, రోడ్డు మీద. ఈ వ్యాన్లకి ఇంజన్ ముందు సీట్ల కిందే కదా. ఎడమ సీటు ఎత్తి కట్టేసి, టెస్టర్ పెట్టి, మా బావమరిదిని వెనక కూర్చోబెట్టి నేను నడిపాను. హైవే మీద మాత్రం ఈ పని పెట్టుకోకండి, ఖాళీగా ఉండే ఊరి రోడ్డు చూసుకోండి. బెల్టు పక్కనే తిరుగుతుంటుంది, తువ్వాలు, వేలు ఏదీ అటు పోకూడదు. బల్బు వెలుగు పగలు సరిగా కనపడదు కాబట్టి మసక చీకట్లోనే చూడాలి. మాకు కావాల్సిన మిస్సింగూ ఆ వేళకే వచ్చేది.

రెండో సిలిండర్ మీద పెట్టినప్పుడు దొరికింది. బండి ఎగిరిన క్షణంలోనే "ఆరింది బావా!" అని వెనకనుంచి కేక. వైరు మార్చి చూసినా అదే తంతు. కాయిల్ నుంచి వచ్చే కరెంటుని వంతులవారీగా ఒక్కో ప్లగ్గుకి పంచే డిస్ట్రిబ్యూటర్ మూత ఊడదీసి టార్చి వేస్తే, లోపల రెండు టెర్మినళ్ల మధ్య పెన్సిలు గీతంత సన్నటి నల్ల చార. కరెంటు లీకయ్యి ప్లాస్టిక్ కాలినచోట మిగిలిన కార్బన్ అది. సముద్రపు గాలి తేమ పట్టగానే కరెంటు ప్లగ్గు దాకా పోకుండా ఆ దారిన జారిపోతుంది. ఇంజన్ వేడికి తేమ ఆరితే మళ్లీ మామూలే. ఆ చారని గీకి సరిపెట్టుకోవద్దు, మళ్లీ పడుతుంది. మూత, దాని లోపల తిరిగే రోటర్ రెండూ కొత్తవి వేస్తే ఆ జబ్బు పోయింది.

మే నెల ఎండలో కోవూరు దాటాక వచ్చిన మిస్సింగ్ వేరు. ఏ సిలిండర్ మీద పెట్టినా బల్బు ఆరుతోంది. అన్నిటికీ పోతోందంటే తప్పు డిస్ట్రిబ్యూటర్‌కి ముందే, అంటే వోల్టేజీ పెంచే కాయిల్, దానికి కరెంటు కలుపుతూ తెంపుతూ ఉండే పాయింట్లు, వాటికి తోడుండే కండెన్సర్ దగ్గర. కాయిల్ నుంచి మూత నడిమధ్యకి వచ్చే వైరుకి నా టెస్టర్ బిగవదు. దానికి పెన్నులా వైరుకి ఆనించే రకం కావాలి, అదీ తర్వాత కొన్నాను. పాడైన కాయిల్ వేడెక్కితే లోపలి తీగచుట్ట తెగినట్టవుతుంది, చల్లారాక మీటరు పెడితే రీడింగ్ సరిగానే చూపిస్తుంది. అందుకే బండి మొరాయించిన చోటే, వేడి మీదే చూడాలి.

ఉదయగిరి వైపు ఎక్కుడులో జర్క్ కొట్టినప్పుడు బల్బు మాత్రం చక్కగా కొట్టుకుంటూనే ఉంది. అప్పుడు ఇగ్నిషన్ వదిలేసి పెట్రోలు ఫిల్టర్ విప్పితే ట్యాంకు తుప్పు బయటపడింది.

ఇక లోపాలు. బల్బు వెలిగిందంటే వైరులో కరెంటు వెళ్లిందనే అర్థం, ప్లగ్గు కొసన మంచి స్పార్క్ పడిందని కాదు. మసి పట్టిన ప్లగ్గులో కరెంటు ఆ మసి మీదుగా జారిపోయినా ఇది వెలుగుతుంది. స్పార్క్ బలం తెలియాలంటే స్పార్క్ దూకే గ్యాపు మార్చుకునే రకం టెస్టర్ వాడాలి. గ్యాస్ కిట్ ఉన్న బండికి అది మరీ అవసరం, ఎందుకంటే పెట్రోలు కంటే గ్యాసుకి ఎక్కువ వోల్టేజీ కావాలి. బలహీనమైన కాయిల్ ముందు గ్యాసు మీదే బయటపడుతుంది. టెస్టర్ లేదని వైరు ఊడదీసి గాల్లో వదిలేసి మాత్రం స్టార్ట్ చేయొద్దు, షాక్ సంగతి అటుంచి కాయిల్ పాడవుతుంది.

మన్నిక అంతంతమాత్రం. వేడికి రబ్బరు టోపీ బిరుసెక్కింది, ఉప్పు గాలికి లోపలి స్ప్రింగు తుప్పు పట్టింది. పని అయ్యాక తీసి డబ్బాలో పెట్టుకోవాలి, బండికి వదిలేసే వస్తువు కాదు. ప్లగ్గు మీదే కాయిల్ కూర్చునే కొత్త బండ్లున్నవాళ్లు ఇది కొనక్కర్లేదు. వాటికి స్కానర్ పెడితే పీ0301, పీ0302 అని కోడ్ చివరి అంకెతో ఏ సిలిండరో చెప్పేస్తుంది.