పాత రోడ్ సైకిల్‌లా ఒంటికి కుదిరే కొత్తది: రేస్ ఫ్రేమ్ మేలా, ఎండ్యూరెన్స్ ఫ్రేమ్ మేలా?

నా పాత సైకిల్ 1980ల నాటి జపాన్ స్టీల్ ఫ్రేమ్. రాడ్డు నేలకి సమాంతరంగా ఉంటుంది, సీటు కింద పోస్టు పిడికెడే కనిపిస్తుంది, పొట్టేలు కొమ్ముల హ్యాండిల్ సీటు కన్నా మూడు వేళ్ళు కిందికి ఉంటుంది. పదిహేనేళ్ళు తొక్కాను, అనంతగిరి కొండల దాకా పోయి వచ్చిన రోజు కూడా మెడ పట్టేయలేదు. మొన్న ఎండాకాలం పెడల్ ఇరుసు విప్పి చూస్తే లోపల గొట్టాన్ని తుప్పు తినేసింది. మెకానిక్ వేలితో తట్టి చూసి, "ఇక గోడకి తగిలించుకోండి సార్" అన్నాడు.

సరే, వంగి వేగంగా తొక్కే రేస్ ఫ్రేమో, దూరాలు హాయిగా తొక్కే ఎండ్యూరెన్స్ ఫ్రేమో కొత్తది కొందామని పోతే అసలు తలనొప్పి సైజు దగ్గరే మొదలైంది. నా పాతది 58, సీటు గొట్టం పొడవు కొలిచి పెట్టిన అంకె అది. కొత్త వాటిలో రాడ్డు వెనక్కి వాలి ఉంటుంది (1990ల చివర్లో జయంట్ కంపెనీ టీసీఆర్ సైకిల్‌తో ఈ వాలు బాగా పాకింది), కాబట్టి సీటు గొట్టం పొట్టిగా ఉంటుంది, 56 అని రాసి ఉన్నా ఆ ఫ్రేమ్ మీద 56 కొలత ఎక్కడా దొరకదు. చెప్పుల సైజు లాంటిదే, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క.

టాప్ ట్యూబ్, అంటే పై రాడ్డు, పొడవు పోల్చినా మోసపోతాం. రెండు సైకిళ్ళకీ 560 మి.మీ. ఉందనుకోండి, ఒకదాని సీటు గొట్టం 73 డిగ్రీల వాలు, ఇంకోదానిది 74. రెండోదాని మీద మన సీటు పాత చోటుకి రావాలంటే దాదాపు 12 మి.మీ. వెనక్కి జరపాలి, అలా జరిపితే హ్యాండిల్ ఆ మేరకి దూరమైపోతుంది. సీటు జరపకుండా వదిలేస్తే బరువంతా అరచేతుల మీద పడి గంటకే చేతులు తిమ్మిరెక్కుతాయి. షాపులో ఐదు నిమిషాల టెస్ట్ రైడ్‌లో ఇది తెలియదు.

అందుకే ఇంట్లో పాతదాన్నే కొలిచాను. సీటు ముక్కు నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీస్తే అది పెడల్ ఇరుసుకి ఎంత వెనక పడుతుందో తెలుస్తుంది. వెనక చక్రం గోడకి ఆనించి, గోడ నుంచి అదే పెడల్ ఇరుసు మధ్యకి, గోడ నుంచి హ్యాండిల్ మధ్యకి కొలిచి తీసివేస్తే ముందుకి ఎంతో వస్తుంది. నేల నుంచి అలాగే కొలిస్తే ఎత్తు. నాది ఇరుసు నుంచి 632 మి.మీ. పైకి, 472 మి.మీ. ముందుకి. ఫ్రేమ్ వరకే చూస్తే, అంటే ఇరుసు నుంచి హెడ్ ట్యూబ్ (ఫ్రేమ్ ముందు ఫోర్కు దూరే గొట్టం) పైఅంచు దాకా, ఎత్తు 570, ముందుకి 391. కొత్త సైకిళ్ళ పట్టికల్లో వీటినే స్టాక్, రీచ్ అని రాస్తారు, చూడాల్సినవి ఆ రెండే.

ఇప్పుడు పోటీ. రేస్ ఫ్రేమ్‌కి స్పెషలైజ్డ్ కంపెనీ టార్మాక్ ఎస్ఎల్7 తీసుకున్నాను, 56 సైజుకి స్టాక్ 565, రీచ్ 395. చూశారా, మా పాత స్టీల్‌కి అటూ ఇటూగా అదే! పాత ఫ్రేములు హాయిగా ఉండేవి, కొత్త రేస్ ఫ్రేములు నడుము విరిచేస్తాయి అని మనం అనుకునేదాంట్లో సగం నిజమే. తేడా ఫ్రేమ్‌లో కన్నా స్టెమ్‌లో, అంటే హ్యాండిల్‌ని ఫోర్కుకి పట్టి ఉంచే ముక్కలో, ఎక్కువ. పాతది కొంగ మెడలా లోపల్నుంచి పైకి లేచి ఉండేది, ఒక్క అలెన్ కీతో ఎత్తు పెంచుకునేవాళ్ళం. కొత్తవాటిలో స్టెమ్ కింద స్పేసర్లు (రింగులు) వేసి ఎత్తు తెచ్చుకోవాలి, ఫోర్కు గొట్టం ఒకసారి కోసేశాక పెంచడం ఉండదు. నా లెక్కలో 100 మి.మీ. మామూలు స్టెమ్, 15 మి.మీ. స్పేసర్లు వేస్తే హ్యాండిల్ పాత ఎత్తుకి వచ్చేస్తుంది, ముందుకి మాత్రం 6 మి.మీ. ఎక్కువ. 90 స్టెమ్ వేస్తే ఆ తేడా కూడా పోతుంది.

ఎండ్యూరెన్స్ రకానికి ట్రెక్ డొమానే 56, స్టాక్ 591, రీచ్ 377. ఎత్తుగా, పొట్టిగా ఉంటుంది. దీని మీద మామూలు స్టెమ్ వేస్తే స్పేసర్లు ఒక్కటీ లేకుండానే హ్యాండిల్ నాకు సెంటీమీటరు పైనే ఎక్కువ ఎత్తులో నిలబడుతుంది, పెద్దమనిషి సైకిల్‌లా. కానీ నేలకి సమాంతరంగా పడుకునే −17 డిగ్రీల స్టెమ్, 110 పొడవుది వేస్తే, 8 మి.మీ. స్పేసర్‌తో పాత చోటుకి రెండు మూడు మిల్లీమీటర్ల తేడాతో వచ్చేస్తుంది. చూడ్డానికి కూడా పాత సైకిల్ పోలికే, ఇది నాకు ఊరికే దొరికిన ఆనందం.

అంటే కొలతల్లో రెండూ పాసే. తేల్చేవి వేరే ఉన్నాయి. డొమానేలో 38 మి.మీ. టైరు దాకా పడుతుంది, టార్మాక్‌లో 32. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కింది 23 కిలోమీటర్ల ట్రాక్ మీదే తొక్కేవాళ్ళకి ఇది పట్టదు కానీ, నేను ఇంటి నుంచి ఆ ట్రాక్ చేరడానికే ఎన్ని స్పీడ్ బ్రేకర్లు, ఎన్ని తవ్వేసిన రోడ్లు దాటాలో నాకు తెలుసు.

మరో మెలిక, చేతులు పెట్టేది హ్యాండిల్ మధ్యలో కాదు, బ్రేక్ లివర్ల మీద. కొత్త లివర్లలో గేర్లు మార్చే మీటలు కూడా ఉంటాయి కాబట్టి పాతవాటికన్నా పొడుగు, అయితే కొత్త కాంపాక్ట్ హ్యాండిళ్ళు పాతవాటికన్నా పొట్టి, కాబట్టి ఎంతో కొంత సరిపోతుంది. లెక్క కట్టకండి, సీటు ముక్కు నుంచి బొటనవేలి సందు ఆనే చోటుకి రెండు సైకిళ్ళ మీదా టేపు పెట్టి కొలవండి.

కేబుళ్ళు హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగులు) లోపల్నుంచి పోయే మోడల్స్ అయితే కొనే ముందే షాపువాళ్ళని అడగండి, స్టెమ్ మార్చి ఇస్తారా, ఎంత తీసుకుంటారు అని. హ్యాండిల్, స్టెమ్ ఒకే ముక్కగా వచ్చేవాటి జోలికి మాత్రం పాత ఫిట్ కోసం వెతికేవాళ్ళు వెళ్ళకపోవడమే మంచిది. సెంటీమీటరు మార్చాలన్నా మొత్తం ముక్క కొనాలి.

మూడో దారి మళ్ళీ స్టీలే. కాలిఫోర్నియా కంపెనీ రివెండెల్ వాళ్ళు ఇప్పటికీ ఆ పద్ధతిలో చేయిస్తున్నారు, మనసు లాగుతుంది గానీ రవాణా, కస్టమ్స్ సుంకం తలుచుకుంటే చెయ్యి వెనక్కొస్తుంది. మీ పాత ఫ్రేమ్ నాదానిలా కుళ్ళకపోతే అసలు కొనకండి. స్టీల్ ఫ్రేమ్‌లో వెనక చక్రం పట్టే సందుని 126 నుంచి 130 మి.మీ.కి తెలిసిన మేస్త్రీ వెడల్పు చేయగలడు, కొత్త గేర్లు ఎక్కుతాయి. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములతో మాత్రం ఆ పని చేయించకండి.

మీ పాత హ్యాండిల్ సీటు కన్నా బాగా కిందికి, ముందుకి చాచి ఉంటే రేస్ ఫ్రేమే తీసుకోండి, ఎండ్యూరెన్స్‌లో అంత కిందికి రాదు. నాకైతే ఎండ్యూరెన్సే. ఫోర్కు గొట్టం కోయొద్దని, డెలివరీ రోజు నా కొలతల కాగితం చూసి నేను బిగించుకున్నాకే కోయమని షాపులో చెప్పి వచ్చాను. కుర్రాడు విచిత్రంగా చూశాడు, చూడనీ.